కొట్టం మీది పడవ

ఏడాదిలో పదకొండు నెలలు
దొరసానమ్మ పడవ బోర్లా పడుకుని
మేకల కొట్టానికి కప్పుగా ఉంటుంది.
వానొస్తే మేకలు తడవవు.
ఏరొస్తే తడుస్తాయి.

ఈసారి వాయుగుండం పట్టి
చంద్రగిరి కొండల్లో కురిసిందంతా
మూడోనాటికి మా స్వర్ణముఖిలో ఎర్రగా దిగింది.
కాజ్‌వే మునిగింది. బస్సు రాలేదు.
కాళహస్తికి దిగువన మా ఊళ్ళో
పొద్దుటి పాలు క్యాన్లలోనే ఉండిపోయాయి.

నలుగురం పట్టి పడవను దించాం.
పీట కింద కందిరీగల గూడు,
పగుళ్ళలో నిరుటి తారు.
పడవంటే ఏం పడవ,
రెండు మూరల వెడల్పు.
ఎదురెదురుగా కూచుంటే మోకాళ్ళు రాసుకుంటాయి.
పులికాట్ పక్కన ఎవరో చెక్కల ధరకు అమ్మేస్తుంటే
ఆమె మొగుడు లారీ మీద వేసుకొచ్చాడంట.
"మనేరు మాత్రం ఏమంత లావు నాయినా,
దీనికి ఇదే సరిపోద్ది" అంటుంది.

నాలుగు పాలక్యాన్లు, ఒక గ్యాసు బండ, నేను.
గెడ పట్టుకుని వెనక నిలబడింది.
నీళ్ళ వంక చూడదు.
ఎండల్లో మేకల వెంట కాలినడకన కొలిచిన ఏరు
ఆమె కళ్ళ వెనక పొడిగా పరుచుకుని ఉంది.

"ఇది పిల్లోళ్ళు క్రికెట్టాడే తావు, మోకాటి లోతు.
అది సిద్ధయ్య దోసపాదులు, కంపుంటాది, తప్పుకోవాల.
ఈడ మా ఎర్రమేక ఈనింది, అడుగున బండ."
లోతు తెలీని ఎర్రనీళ్ళ మీద
వేసవిని చదువుకుంటూ పోతోంది.

నేను మాట్లాడలేదు.
కరెంటు టవరు దాటాక
ఎక్కడెంత లోతో నాకు తెలుసు.
ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా
రాత్రి ఒంటిగంటకు లైట్లార్పి దిగిన ట్రాక్టరు నాది.
నాది కాదు, ఓనరుది. స్టీరింగు నాది.
ట్రిప్పుకు నాలుగు వందలు.
జేసీబీ ఎక్కడెక్కడ మూతి పెట్టిందో
ఆ అదురు ఇంకా నా అరచేతుల్లో ఉంది.

టవరొచ్చింది.
గెడ దిగింది.
దిగింది.
ఆమె మోచేతి దాకా దిగింది.
అడుగు తగల్లేదు.
పడవ పక్కకు ఒరిగి ఒక క్యాను మూత ఎగిరింది.
ఎర్రనీళ్ళలో పాలు తెల్లగా గీతపడి
గిర్రున తిరిగి లోపలికి పోయాయి.

"ఈడ మడుగు లేదే" అంది, నన్ను కాదు, ఏటిని.
"మే నెల్లో నడిచినానే."

ఆ తావు జులైది.

"ఎడమకు" అన్నాను.
"ఎడమకు పెద్దమ్మా, తుంగ పక్కనే పోనీ.
ఆడ మేం తవ్వలే."

మేం అన్న మాట
మా ఇద్దరి మధ్యా వచ్చి కూచుంది.
సన్నటి పడవ. జరగడానికి చోటు లేదు.

ఆమె ఏమీ అనలేదు.
గెడ నా చేతికిచ్చి ముందుకెళ్ళి
క్యాను మూత బిగించడం మొదలెట్టింది.
నిలబడ్డాను. కాళ్ళు వణికాయి.
గుంత తర్వాత గుంత, పద్నాలుగు,
నా రాత్రులు నీళ్ళు నిండి వరసగా ఉన్నాయి.
ఒక్కదాంట్లోనూ పడకుండా దాటించాను.
ఎవరైనా చూస్తే మంచి సరంగు అనుకునేవారు.

పాలకేంద్రం గట్టున తాడు కడుతూ అడిగింది,
"ట్రిప్పుకు ఎంతిస్తారు?"
చెప్పాను.
"నా పడవకు మనిషికి ఇరవై" అని చెయ్యి చాపింది.
ఇచ్చాను. తీసుకుంది.

పన్నెండో రోజుకు ఏరు పాయలై, చారలై,
చివరికి తడి మరకై ఆగిపోయింది.
పడవను మళ్ళీ కొట్టం ఎక్కించాం.
మేకలు దాని కిందికి చేరి ఒళ్ళు విదిలించుకున్నాయి.

"తవ్వొద్దంటే మానతావా ఏంది" అంది,
నా ముఖం చూడకుండా.
"తవ్విన కాడల్లా ఒక కట్టె గుచ్చిపో.
లోతు మటుకు నాకు చెప్పు."

రాత్రి ఓనరు ఫోను చేశాడు.
ఇసక ఇంకా తడిగానే ఉందన్నాను.